కాలు జారితే కూలి పోతుంది

వానకాలం. ఆదిలాబాద్ చుట్టుపక్కల నల్లరేగడి నేలలు. చినుకు పడితే ఈ నేల సబ్బు లెక్క జారుతుంది. చెప్పుల కింద మట్టి అంటుకుంటుంది. పది అడుగులు వేసేసరికి చెప్పులు రాళ్ల లెక్క బరువు అవుతాయి. చెప్పులు విడిచి చేత పట్టుకుంటే ముల్లు గుచ్చుతుంది. అయినా పనికి పోక తప్పదు. వాన పడిందని పత్తి చేనులో కలుపు ఆగదు కదా!

తెలంగాణలో వానలు ఎక్కువ పడే చోట్లలో ఆదిలాబాద్ ఒకటి. 2016 అక్టోబర్‌లో పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలు అయింది. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. జిల్లాలు నాలుగైనా ఆడవాళ్ల పనులు మారలేదు. చేనులో కలుపు, పత్తి ఏరుడు, వరి నాటు. ఎండాకాలం అడవిలో తునికాకు. ఇంట్లో బీడీలు. బళ్లో వంట. ఆసుపత్రిలో, ఆఫీసుల్లో ఊడ్చుడు, తుడుచుడు.

"ఒడ్డు మీద కాలు జారింది." "గంజి మీద కాలేసిన, దబ్బున పడ్డ." "బీడీలు చేసి లేచిన, కాళ్లు తిమ్మిరెక్కి తూలిన." ఇలాంటి మాటలు ప్రతి ఊళ్లో వినబడతాయి. విన్నవాళ్లు ఏమంటారు? "చూసుకొని నడవద్దా?" అంటారు. లేకుంటే "నీ గాచారం" అంటారు. పడ్డ మనిషి కూడా అదే అనుకొని ఊరుకుంటుంది.

కానీ పడడం గాచారం కాదు. దానికి కారణాలు ఉంటాయి. కొన్ని కారణాలు నేలలో ఉంటాయి. కొన్ని మన ఒంట్లో ఉంటాయి. రెండింటినీ చాలావరకు సరి చేసుకోవచ్చు.

ఇది చిన్న సంగతి కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. ప్రమాదాల చావుల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత ఇదే ఎక్కువ. చావకుండా బతికి, నడవలేక మంచాన పడేవాళ్లు ఇంకా ఎక్కువ.

మణికట్టు ఎముక విరిగిందనుకోండి. కట్టు కడితే సుమారు ఆరు వారాలు ఉంటుంది. ఆరు వారాలు బీడీ చుట్టడానికి లేదు. పత్తి ఏరడానికి లేదు. బిందె ఎత్తడానికి లేదు. కూలి రాదు. పైగా దవాఖాన ఖర్చు.

జారుడు, తట్టుకొనుడు

తడి నేల మీద కాలు పెడితే ఏమవుతుంది? పాదానికి, నేలకు నడుమ పట్టు ఉండదు. కాలు ముందుకు పోతుంది. ఒళ్లు వెనక్కి పోతుంది. మనిషి వెల్లకిలా పడుతుంది. నడుముకు, తుంటికి, తల వెనుక దెబ్బ తగులుతుంది. ఇది జారుడు.

పత్తి కట్టె కోసిన చేనులో మోళ్లు ఉంటాయి. కాలు మోడుకు తగులుతుంది. కాలు అక్కడే ఆగుతుంది. ఒళ్లు ముందుకు పోతుంది. మనిషి బోర్లా పడుతుంది. చేతులు ముందుకు చాపుతుంది. అప్పుడు మణికట్టు విరుగుతుంది. మోకాలు చిప్ప పగులుతుంది. ఇది తట్టుకొనుడు.

ఇక నిచ్చెన మీది నుంచి, మెట్ల మీది నుంచి, ట్రాక్టర్ మీది నుంచి పడడం మూడోది. కూలీలను ఎక్కించుకున్న ట్రాలీ ఆగక ముందే దుంకడం కూడా ఇందులోకే వస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. జారిన ప్రతి మనిషీ పడిపోదు. చాలాసార్లు కాలు జారుతుంది. చప్పున ఇంకో కాలు వేసి మనిషి నిలదొక్కుకుంటుంది. ఆ చప్పున వేసే ఒక్క అడుగే మనిషిని కాపాడుతుంది. ఆ అడుగు వేయాలంటే కాళ్లలో బలం ఉండాలి. ఒళ్లు బరువును సరిగ్గా ఆపుకొనే నేర్పు ఉండాలి. వయసు పెరిగిన కొద్దీ ఈ రెండూ తగ్గుతాయి. కసరత్తు చేస్తే మళ్లీ పెరుగుతాయి.

"పొద్దంతా పనే, ఇంకా కసరత్తు ఎందుకు?"

కసరత్తు అనగానే ఆడవాళ్లు నవ్వుతారు. "పొద్దుగాల కోడి కూసినప్పటి సంది పనే. మాకెందుకే కసరత్తు? అది కూసొని తినేటోళ్లకు" అంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. చేనులో పని చేసే మనిషి ఒళ్లు కదలక కూర్చున్నది కాదు.

కానీ పని వేరు. కసరత్తు వేరు.

బీడీలు చేసే అక్కను చూడండి. కింద కూర్చుంటుంది. ఒళ్లో చాట పెట్టుకుంటుంది. మెడ వంచుతుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. అందుకని లేవదు. గంటలకు గంటలు వేళ్లు ఆడుతూనే ఉంటాయి. వేళ్లకు పని ఉంది. కాళ్లకు పని లేదు. తొడలకు పని లేదు. మెడ, నడుము ఒకే తీరుగా వంగి ఉంటాయి. పదేళ్లు, ఇరవై ఏళ్లు ఇలా చేస్తే కాళ్లు బలం తప్పుతాయి. పొద్దుందాక పని చేసి అలసిపోయిన మనిషే. కానీ ఆమె కాళ్లు రోజంతా కదలనే లేదు. బీడీల తంబాకు దుమ్ము సంగతి వేరే. అది చెప్పాలంటే ఇంకో పుస్తకం కావాలి.

నాటు వేసే అక్కను చూడండి. పొద్దంతా నడుము వంచే ఉంటుంది. నడుము ఒక్క తీరుగా వంగి వంగి గుంజుతుంది. వెనక్కి వంగడం అన్నదే ఉండదు. పత్తి ఏరే మనిషికీ అంతే. పని ఒళ్లును ఒకే వైపు వాడుకుంటుంది. అరిగేచోట ఇంకా అరగదీస్తుంది. వాడనిచోట వాడనే వాడదు. అలసట వచ్చినా ఆపనివ్వదు. ఎందుకంటే పని వేగం మన చేతిలో ఉండదు. మేస్త్రీ చేతిలో ఉంటుంది, లేదా గిట్టుబాటు చేతిలో ఉంటుంది.

కసరత్తు అలా కాదు. కొంచెం సేపు చేస్తాం. ఒళ్లంతా కదిలిస్తాం. అలసట వస్తే ఆపుతాం. తర్వాత ఒళ్లు తేరుకుంటుంది. తేరుకున్నప్పుడే బలం పెరుగుతుంది.

డెన్మార్క్ అని ఒక చిన్న దేశం ఉంది. అక్కడ కోపెన్‌హాగెన్ నగరం. అక్కడి పరిశోధకులు లక్షకు పైగా మందిని సుమారు పదేళ్లు గమనించారు. 2021లో ఆ సంగతులు బయటపెట్టారు. తీరిక వేళ నడిచేవాళ్లకు, ఆటలు ఆడేవాళ్లకు గుండె జబ్బులు తక్కువగా వచ్చాయి. పనిలో ఎక్కువ కష్టపడేవాళ్లకు మాత్రం తగ్గలేదు. పైగా కొంచెం ఎక్కువే వచ్చాయి. కష్టం చేసేవాళ్లకు కసరత్తు అక్కర లేదన్న మాట నిలవదని దీనితో తెలుస్తుంది.

పడిపోవడం గురించి కూడా చాలా దేశాల్లో పరిశోధనలు జరిగాయి. 60 ఏళ్లు దాటినవాళ్లతో కాళ్ల బలం పెంచే కసరత్తులు, తూలకుండా నిలబడే కసరత్తులు చేయించారు. వాళ్లు పడిపోవడం దాదాపు నాలుగో వంతు తగ్గింది. మందు లేదు, సూది లేదు. ఖర్చు అసలే లేదు.

బతుకమ్మ ఆట, తొక్కుడుబిళ్ల

నిజానికి మన ఆడవాళ్లకు కసరత్తు కొత్త కాదు. పేరు మాత్రమే కొత్త. బతుకమ్మ ఆడేటప్పుడు ఏం చేస్తారు? గుండ్రంగా తిరుగుతారు. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు పక్కకు. వంగి చప్పట్లు కొడతారు. మళ్లీ లేస్తారు. గంట సేపు ఆడినా అలసట తెలియదు. కోలాటం కూడా అంతే. చిన్నప్పుడు ఆడిన తొక్కుడుబిళ్ల ఇంకా గొప్పది. ఒంటికాలి మీద గెంతడం, గీత తొక్కకుండా ఆపుకోవడం. తూలకుండా నిలబడడానికి అంతకంటే మంచి కసరత్తు లేదు.

కానీ బతుకమ్మ తొమ్మిది రోజులే. తొక్కుడుబిళ్ల పెళ్లితో పోతుంది. పెళ్లయిన ఆడది గెంతితే నవ్వుతారని భయం. ఆ నవ్వు వల్ల ఎంతమంది కాళ్లు బలం తప్పాయో!

రోజూ చేయదగినవి కొన్ని ఉన్నాయి. పావుగంట చాలు.

మొదటిది, లేచి కూర్చొనుడు. గోడకు ఆనించిన కుర్చీ మీద గానీ, అరుగు మీద గానీ కూర్చోవాలి. చేతులు ఆనించకుండా లేవాలి. మెల్లగా మళ్లీ కూర్చోవాలి. మొదట ఐదుసార్లు. అలవాటైతే పదిసార్లు. దీనితో తొడలకు బలం వస్తుంది. జారినప్పుడు ఆపేవి ఈ తొడలే.

రెండోది, మడమలు లేపుడు. గోడ పట్టుకొని నిలబడాలి. మునివేళ్ల మీద లేవాలి. రెండు మూడు లెక్కపెట్టి దిగాలి. ఇది కూడా పదిసార్లు.

మూడోది, ఒంటికాలి మీద నిలబడుడు. గోడ పక్కనే నిలబడాలి. ఒక కాలు కొంచెం లేపాలి. పది అంకెలు లెక్కపెట్టాలి. తర్వాత రెండో కాలు. తూలితే గోడ పట్టుకోవాలి. సిగ్గు లేదు. మొదటి రోజు చాలామంది మూడు అంకెలు కూడా ఆగలేరు. నెల దాటేసరికి ఎంత ఆగుతున్నారో వాళ్లే చూసుకోవచ్చు.

నాలుగోది ముగ్గు గీత మీద నడక. ముంగిట నిలువుగా ఒక గీత గీయాలి. ఒక పాదం మడమకు ఇంకో పాదం బొటనవేలు తాకేటట్టు గీత మీద నడవాలి. పక్కన గోడ ఉంటే మంచిది.

బీడీలు చేసేవాళ్లకు, నాటు వేసేవాళ్లకు ఇంకొకటి కావాలి. నిలబడి నడుము మీద చేతులు పెట్టుకోవాలి. మెల్లగా వెనక్కి వంగాలి. భుజాలు వెనక్కి తిప్పాలి. ఇది పని నడుమ కూడా చేయవచ్చు. నాలుగు కట్టలు కట్టినప్పుడల్లా ఒకసారి లేస్తే పది బీడీలు తగ్గుతాయేమో. మెడ, నడుము మిగులుతాయి. లేచేటప్పుడు మాత్రం గభాలున లేవవద్దు. కూర్చున్నచోటే కాళ్లు చాపి పాదాలు ఆడించాలి. తిమ్మిరి పోయాక లేవాలి.

వీటితో పాటు నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక లెక్క చెప్పింది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలి. అంటే రోజుకు అరగంట లెక్కన ఐదు రోజులు. ఎంత జోరుగా నడవాలి? మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. అంత జోరు చాలు. అరగంట ఒకేసారి దొరకకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా మంచిదే.

"ఒక్కదాన్ని నడిస్తే ఊళ్లో ఏమంటరు?" ఈ ప్రశ్న నిజమైనదే. ఒక్కరు నడిస్తే వింత. పది మంది నడిస్తే అది సంఘం పని. మహిళా సంఘం మీటింగు రోజున ముందు బడి మైదానం చుట్టూ నాలుగు చుట్లు తిరిగి, తర్వాత పొదుపు పుస్తకాలు తెరవవచ్చు. ఆ అరగంట ఇంట్లో నీళ్లు పట్టడం, పిల్లలను చూడడం మగవాళ్లు చేయాలి. లేకపోతే ఆడవాళ్లకు తీరిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు, గర్భిణులు ముందుగా ఏఎన్ఎంను గానీ డాక్టర్‌ను గానీ అడిగి మొదలుపెట్టాలి.

రక్తం, ఎముక, చూపు

కళ్లు తిరిగి పడడం కూడా చాలా చూస్తాం. దానికి ఒక కారణం రక్తం తక్కువ ఉండడం. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తం తక్కువ అని 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. పొద్దున ఏమీ తినక, ఒట్టి చాయ తాగి చేనుకు పోతే కళ్లు తిరగక ఏమవుతుంది? జొన్న రొట్టె, అంబలి, ఆకుకూర, ఏదో ఒకటి తిని పోవాలి. ఎండాకాలం తునికాకుకు పోయేవాళ్లు నీళ్లు వెంట తీసుకుపోవాలి.

ముట్టు ఆగిన తర్వాత ఆడవాళ్ల ఎముకలు పలుచబడతాయి. అంతకు ముందు పడితే కమిలిపోయేది, తర్వాత విరుగుతుంది. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు ఎముకకు మంచివి. నడక కూడా ఎముకకు మంచిదే.

కళ్లలో పొర వచ్చినవాళ్లకు మెట్టు అంచు కనబడదు. ఆపరేషన్‌కు భయపడి ఏళ్లకు ఏళ్లు ఆగవద్దు.

ఒకసారి పడ్డ ముసలమ్మ భయంతో బయటికి రావడమే మానేస్తుంది. ఇంట్లోవాళ్లు కూడా "కదలకు" అంటారు. కదలకపోతే కాళ్లు ఇంకా బలం తప్పుతాయి. మళ్లీ పడుతుంది. ప్రేమతో చెప్పిన మాటే అయినా, అది చేసేది చెరుపే.

నేల సంగతి

కాళ్లు ఎంత గట్టిగా ఉన్నా, నేల మీద గంజి పారుతుంటే జారక తప్పదు. కుంటాల జలపాతం దగ్గర పాచి పట్టిన రాళ్ల మీద కండలు తిరిగిన మొగవాళ్లు కూడా నిలబడలేరు. అదే పాచి బోరింగు గద్దె మీద, బాయి కాడ, స్నానం చేసేచోట ఉంటుంది. వారానికి ఒకసారి గట్టి చీపురుతో, సున్నంతో రుద్దితే పోతుంది. సున్నం కళ్లలో పడకుండా చూసుకోవాలి.

బడి వంటశాల అన్నింటికంటే ప్రమాదం. అక్కడ జారితే ఒట్టి దెబ్బ కాదు, చేతిలో ఉడుకుడుకు బగోణ ఉంటుంది. గంజి వంపేది నడిచే దారిలో ఉండవద్దు. ఒక మూలకు, మోరీ దగ్గర ఉండాలి. నూనె గానీ గంజి గానీ ఒలికితే "వంట అయినాక కడుగుదాం" అనుకోవద్దు. అప్పుడే పొడి ఇసుక గానీ పొట్టు గానీ చల్లి ఊడ్చాలి. పెద్ద బగోణను ఒక్కరు మోయవద్దు. ఇద్దరు పట్టాలి. కట్టెలు దారికి అడ్డంగా వేయవద్దు. పొగలో కాలి కింద ఏముందో కనబడదు. కిటికీ, దీపం ఉండాలి.

ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో తుడిచేవాళ్లు వరండా మొత్తం ఒకేసారి తడపవద్దు. సగం తుడిచి, అది ఆరాక మిగతా సగం తుడవాలి. తడి నేల ముందు బకీటు అడ్డం పెడితే వచ్చేవాళ్లు ఆగుతారు.

చేనులో సంగతి వేరు. అక్కడ నేలను ఎవరూ ఆరబెట్టలేరు. రేగడిలో నడిచేటప్పుడు చిన్న చిన్న అడుగులు వేయాలి. పాదమంతా ఒకేసారి ఆనించాలి. ఒడ్డు మీద పరుగెత్తవద్దు. చెప్పుల మట్టిని పుల్లతో గీకుతుండాలి. అడుగు నున్నగా అరిగిన చెప్పులు వానకాలం పనికిరావు. గాళ్లున్న అడుగు పట్టు ఇస్తుంది. చీర కుచ్చిళ్లు మడమల మీదికి ఎత్తి చెక్కుకోవాలి. పత్తి మూట కళ్లకు అడ్డం వచ్చేంత పెద్దది ఎత్తవద్దు. రెండుసార్లు మోస్తే రెండు తిరుగుళ్లు ఎక్కువ అవుతాయి, అంతే. మధ్యాహ్నం దాటాక, ఇంటికి పోయే తొందరలో ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అలసిన కాలు పైకి లేవదు. చిన్న మోడుకే తగులుతుంది.

ఎవరైనా పడితే

పడ్డ మనిషిని వెంటనే లేపి నిలబెట్టవద్దు. ముందు అడగాలి. ఎక్కడ నొప్పి? కాళ్లు చేతులు ఆడుతున్నయా? మెడ గానీ వెన్ను గానీ నొప్పి అంటే కదిలించవద్దు. 108కి ఫోన్ చేయాలి. కాళ్లు ఒకరు, చేతులు ఒకరు పట్టి మోస్తే వెన్నులోని నరం దెబ్బతింటుంది.

చేయి గానీ కాలు గానీ వాచి, వంకరగా ఉంటే గుంజవద్దు, పిసకవద్దు. నూనె రాసి మర్దన చేయవద్దు. ఉన్నది ఉన్నట్టే ఒక కట్టె చెక్క ఆనించి గుడ్డతో కట్టి దవాఖానకు తీసుకుపోవాలి. కట్టు బిగుతుగా ఉండవద్దు. వేళ్లు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టు వెంటనే వదులు చేయాలి. నాటు కట్లు కట్టించుకున్నవాళ్లు కూడా ఇది చూసుకోవాలి. బిగుతు కట్టుతో రక్తం ఆగి చేయి పోయే ప్రమాదం ఉంది.

తలకు దెబ్బ తగిలిన మనిషిని ఒక రోజంతా కనిపెట్టి ఉండాలి. వాంతులు, విడవని తలనొప్పి, లేపినా లేవని మత్తు ఉంటే ఆగవద్దు. దవాఖానకు పోవాలి.

రాసి ఇవ్వాలి

పని చేసేచోట నేల బాగు చేయించడం పని చేయించేవాళ్ల బాధ్యత. మెట్టు విరిగింది, దీపం లేదు, మోరీ నిండింది అని నోటితో చెప్తే మరిచిపోతారు. కాగితం మీద రాసి ఇస్తే మరిచిపోవడం కష్టం. ఇప్పుడు చదువు వచ్చింది కదా! రాయడం పెద్ద పని కాదు. ఈ తీరుగా రాయవచ్చు:

తేదీ: ........
అయ్యా,
మేము బడి వంటశాలలో పని చేస్తున్నాము. వంటశాల ముందు మెట్టు విరిగింది. గంజి పోవడానికి మోరీ లేదు. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఇద్దరం జారి పడినాము. మెట్టు, మోరీ బాగు చేయించగలరు.
సంతకాలు: ........

ఒక్కరు కాకుండా అందరూ సంతకం పెట్టాలి. రెండు కాగితాలు రాయాలి. ఒకటి ఇవ్వాలి. రెండో దాని మీద తీసుకున్నవాళ్ల సంతకం, తేదీ వేయించుకొని దగ్గర పెట్టుకోవాలి.

దెబ్బ తగిలితే కూడా అదే రోజు రాయాలి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏ పని చేస్తుండగా పడ్డారు, ఎవరు చూశారు. పనిలో దెబ్బ తగిలిన కూలికి పరిహారం ఇవ్వాలని మన దేశంలో 1923లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. 2025 నవంబర్ 21న అది అమలులోకి వచ్చింది. ఏ పనికి ఎంత వర్తిస్తుందో కార్మిక శాఖ ఆఫీసులో అడగవచ్చు. పోయేటప్పుడు దవాఖాన చీటీలు, ఎక్స్‌రే, మందుల బిల్లులు, ఆ రోజు రాసిన కాగితం, అన్నీ ఒక సంచిలో పెట్టుకొని పోవాలి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వవద్దు. జిరాక్సులు ఇవ్వాలి.